మిగతా ఏడో పేజీలో

తీర్పుల మావకి కత్తి కన్నా నోరే పదునని అందరికన్నా ముందు అన్నది వాళ్లావిడే. ఆ సందు మొదట్లో మావ మాంసం కొట్టు పెట్టి ఇరవై ఏళ్లయింది. మాంసం మంచిదే, తూకంలోనూ వంక పెట్టడానికి లేదు. కానీ పక్క వీధిలో ఇంకో కొట్టు ఖాళీగా ఉన్నా జనం ఇక్కడే వరస కట్టేవారంటే అది ఒక్క మాంసం కోసమే కాదు. మావ వార్తలు చదివేవాడు.

వార్తలంటే ఆ రోజు పేపరు కాదు. పొట్లం కట్టడానికి తెచ్చుకున్న పాత పేపరు. ముక్కలు కొట్టి తూచాక ఒక కాగితం లాగి బల్ల మీద పరిచి, కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించి, కంటికి ఆనిన వార్తను పైకి చదివేవాడు. చదివాకే మాంసం దాని మీదికి వచ్చేది. తొందరపడ్డవాళ్లకి చివరి ముక్క వేసేవాడు.

చిక్కేమిటంటే పాత పేపర్లు కట్టగా వస్తాయే గానీ వరసగా రావు. మంచి రసపట్టులో ఉండగా ‘మిగతా ఏడో పేజీలో’ అని ఉంటుంది. ఆ ఏడో పేజీ ఏ నిన్ననో ఎవరింటికో ఎముకల్ని చుట్టుకుని వెళ్లిపోయి ఉంటుంది. చదవడం మొదలెట్టినవాడు సగంలో నోరు మూసుకుంటాడా? మిగతాది మావ తనే చెప్పేవాడు. కాగితం మీద కళ్లు అలాగే పెట్టి, గొంతు మార్చకుండా, దొంగ ఎలా దొరికాడో, పెళ్లికూతురు ఎవరితో వెళ్లిపోయిందో పూర్తిచేసేవాడు. సందులో అందరికీ తెలుసు. ఎవడైనా కోతలు కోస్తుంటే ‘ఏడో పేజీ చదువుతున్నావా?’ అనడం అక్కడ వాడుకైపోయింది.

ఆ తర్వాత తీర్పు. కట్టిన ఏడాదికే వంతెన కూలితే, కాంట్రాక్టరు చెయ్యి తీసుకొచ్చి తన మొద్దు మీద పెట్టమనేవాడు. కడుపులో కత్తెర మర్చిపోయిన డాక్టరుకి, ముసలమ్మ మెడలో గొలుసు తెంపినవాడికి, పాలల్లో ఏదో కలిపినవాడికి, అందరికీ ఒకటే శిక్ష. నరికే కత్తి పైకి లేచి మొద్దు మీద ధన్‌మని దిగేది. జనం నవ్వేవారు. ఇంట్లో ఆడవాళ్లు, ఆఫీసులో మగవాళ్లు ఎవర్నీ ఏమీ అనలేక మింగిన కోపమంతా ఆ ఒక్క దెబ్బతో తీరినట్టుండేది.

“నోరా వీపుకి తేకే అన్నారు పెద్దలు,” అని గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాళ్లావిడ గొణిగేది. నా వీపు నా ఇష్టం అనేవాడు మావ.

ఈ కాగితాలు తెచ్చేది ఎవరంటే, కాగితాల తమ్ముడు. ఇల్లిల్లూ తిరిగి పాత పేపర్లు పోగుచేసి, వారానికోసారి బస్తా భుజాన వేసుకుని వచ్చేవాడు. నెత్తికి ఎర్ర తువ్వాలు. ఊళ్లో వార్తలన్నీ వీపు మీద మోసేవాడికి అక్షరం ముక్క రాదు. కానీ ముడి వేశాడంటే చూడాలి. ఎడమ చేత్తో కట్టను అదిమిపట్టి, కుడిచేతి వేళ్లు మూడింటితో పురికొసను తిప్పి లాగితే అది మళ్లీ కత్తికే లొంగేది. తూకం అయ్యాక మెట్టు మీద కూలబడి చెంబుడు నీళ్లు తాగి, ఒకటి చదవన్నా అనేవాడు. మావ చదివేవాడు. వార్త అయిపోగానే ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుంది.

“మరి వాణ్ణేం చెయ్యాలంటావన్నా?”

ఆ అడగడంలోనే సగం నవ్వుండేది. మావ కత్తెత్తేవాడు. తమ్ముడు చెవులు మూసుకుని కిందపడి నవ్వేవాడు.

ఒక సెలవురోజు పొద్దున కొట్టు కిటకిటలాడుతోంది. మావ లాగిన కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘బస్తాల్లో పసివాళ్లు?’ అని ఉంది. చివర్న ప్రశ్న గుర్తు ఉంది కానీ దాన్ని ఎవరు పైకి చదువుతారు? ఏదో ఊళ్లో బస్తాలు మోసుకుపోతున్న ముగ్గుర్ని పిల్లల దొంగలన్న అనుమానంతో జనం పట్టుకున్నారు. పోలీసులు వచ్చి విచారించగా... అంతే. మిగతా ఏడో పేజీలో.

వరసలో ముందున్నది దర్జీ. ఆ సందుకి వచ్చి నాలుగు నెలలే అయింది. ఒక్కతే కూతురు, రెండో తరగతి, బడికి ఒంటరిగా నడిచి వెళ్తుంది. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. విచారిస్తే ఏమైంది మావా అని అడిగాడు. ఏడో పేజీ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

వినేవాడు అంత ఇదిగా వింటుంటే చెప్పేవాడికి ఊపు రాదూ? ఇద్దరు దొరికారనీ, ఒకడు మాత్రం తప్పించుకుని మన వైపే వచ్చాడనీ మావ కాగితంలోకి చూస్తూ చదివేశాడు. భుజాన బస్తా, నెత్తిన ఎర్ర తువ్వాలు అన్నాడు. నోటికొచ్చింది అన్నాడు. అది నోటికి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ క్షణాన ఆయనకే తెలీదు.

“నా దగ్గరికి తీసుకురండి వాణ్ణి. ముందు చెయ్యి, తర్వాత మెడ,” అని కత్తి దించాడు.

అందరూ నవ్వారు. దర్జీ నవ్వలేదు. పొట్లం తీసుకుని ఇంటికి పోయి మాంసం గిన్నెలోకి వంపి, నెత్తుటి మరకల కాగితాన్ని ఫోన్లో ఫోటో తీశాడు. దాని కింద బస్తా, ఎర్ర తువ్వాలు, జాగ్రత్త అని రాసి తెలిసినవాళ్లందరికీ పంపాడు.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లావిడ తన ఫోను చూపించింది. అప్పటికి ఎర్ర తువ్వాలువాడు పక్క పేటలో ఇద్దర్ని ఎత్తుకుపోయాడు. వాడి దగ్గర మత్తుమందు కూడా ఉంది. గోరంత కొండంత అవడం అంటే ఇదే. తన అబద్ధమే తిరిగొచ్చి తలుపు తడితే మనిషి గుర్తుపట్టాలా వద్దా? మావ గుర్తుపట్టలేదు. పైగా గుడ్లు తేలేశాడు.

“నిప్పు లేనిదే పొగ రాదే. నోటికొచ్చిందేదో అన్నా, నిజమే అయి కూర్చుంది చూడు,” అన్నాడు.

అప్పుడైనా ఒక్క మాట, అది నేను కల్పించింది అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. తన మాటకి అంత బలముందని లోపల కాస్త సంబరపడ్డాడు కూడా. దాచడం దేనికి, పడ్డాడు.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు సందు చివర కేకలు వినిపించాయి. మావ కత్తి నూరుతున్నాడు. పాతిక ముప్పైమంది వస్తున్నారు. మధ్యలో ఒకణ్ణి కాళ్లు పట్టుకుని ఈడ్చుకొస్తున్నారు. వాడి తల మెట్లకీ రాళ్లకీ కొట్టుకుంటోంది. మొహం మొహంలా లేదు. ఒక కన్ను పూర్తిగా పూడుకుపోయింది, పళ్లు విరిగి పెదవిలోకి దిగాయి. ఎర్ర తువ్వాలు మెడకి ఉరిలా బిగించి ఉంది.

బడి వెనక గోడ దగ్గర పాత నోటుపుస్తకాలు ఏరుకుంటుంటే దొరికాడట. అప్పటికే బస్తా కుమ్మరించి చూశారు. కాగితాలు తప్ప ఏమీ లేవు. కాగితాలే ఉన్నాయంటే పిల్లల్ని ఇంకెక్కడో దాచాడనేగా అని ఒకడన్నాడు. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. మళ్లీ కొట్టారు. ఇటుకతో, చెప్పుతో, సైకిలు గొలుసుతో. దర్జీ చేతిలో ఇనప గజంబద్ద ఉంది. బట్ట కొలిచేది. దాని అంచున వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

వాణ్ణి తెచ్చి మావ మొద్దు ముందు పడేశారు.

“మావా, నువ్వు చెప్పినవాణ్ణి తెచ్చాం. ఇక కానియ్యి,” అన్నాడు దర్జీ.

కింద పడ్డవాడు తెరిచిన ఒక్క కంటితో పైకి చూశాడు. కొట్టుని గుర్తుపట్టాడు. మావని గుర్తుపట్టాడు. ఆ నెత్తుటి మొహంలో ధైర్యం లాంటిది వచ్చింది, సొంత ఇంటికి చేరినట్టు.

“అన్నా... నేనెవరో నువ్వు చెప్పన్నా,” అన్నాడు.

ఎర్ర తువ్వాలు తన నోటికి ఎక్కణ్ణుంచి వచ్చిందో మావకి అప్పుడు తెలిసింది. బస్తా అనగానే ఆయన కళ్లముందు మెదిలే మనిషి లోకంలో ఒక్కడే. వీడు మన కాగితాల తమ్ముడురా అన్నాడు. ముందున్న నలుగురికే వినపడింది. నువ్వేగా ఎర్ర తువ్వాలన్నావ్ అన్నారు వాళ్లు. నేను ఊరికే అన్నాను అని చెప్పాలి. అంటే వాళ్లు తనమీద పడతారు. చేతుల్లో గొలుసులూ ఇటుకలూ ఉన్నాయి. మావ నోరు తెరిచాడు, మూశాడు. ఊపిరి పీల్చి వదిలినంత సేపు. ఇరవై ఏళ్లు ఆగకుండా ఆడిన నోరు సరిగ్గా అప్పుడే ఆగింది.

ఆలోగా ఇద్దరు తమ్ముడి కుడిచేతిని లాగి మొద్దు మీద పెట్టారు. ముందు చెయ్యి అని తీర్పు ఇచ్చింది ఆయనే కదా. కత్తి కోసం ఎదురుచూశారు. కత్తి లేవకపోయేసరికి వెనకనుంచి ఒకడు త్రాసులోని రెండు కిలోల రాయి తీసి ఆ వేళ్ల మీద దించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. రోజూ ఎముకలు విరిగే మొద్దే అది, ఆ చప్పుడు మావకి కొత్త కాదు. కానీ దానితోపాటు వచ్చిన కేక ఆ కొట్టులో ఎన్నడూ వినపడలేదు.

ఆ కేకకి మావ మనిషయ్యాడు. కత్తెత్తి దర్జీ చేతికి వేలెడు దూరంలో మొద్దులోకి దించాడు. మళ్లీ లాగి, ఇంకొక్కడు చెయ్యేస్తే నరుకుతానన్నాడు. ఈసారి గొంతు సందంతా వినపడింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఆ అదనులోనే వాళ్లావిడ తమ్ముణ్ణి చంకల కింద చేతులేసి లోపలికి లాక్కుంది. మావ షట్టరు దించేశాడు.

పోలీసులు వచ్చేదాకా ఇరవై నిమిషాలు ఆ షట్టరు మీద ఇటుకలు పడుతూనే ఉన్నాయి. లోపల చీకట్లో, వేలాడుతున్న మాంసం కింద, ఆవిడ తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో నెత్తురు అదుముతోంది. మావ కత్తి పట్టుకుని నిలబడే ఉన్నాడు.

తమ్ముడు బతికాడు. కుడిచేతి వేళ్లు మూడు తీసేశారు. ఒక చెవి పోయింది. ఆస్పత్రిలో మావని చూడగానే బాగున్న చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టాడు. నువ్వు దేవుడివన్నా అన్నాడు. వార్డులో వాళ్లందరికీ ఈయనే, ఈయనే అని చూపించాడు. మావ తను తెచ్చిన అరటిపళ్లు అక్కడ పెట్టి గబగబా బయటికొచ్చేశాడు.

దర్జీనీ, ఇంకో ఇద్దర్నీ జైల్లో పెట్టారు. వార్త చదివి చెప్పింది మావేనని దర్జీ పోలీసులకి చెప్పాడు. వాళ్లు వచ్చి ఈకకు ఈక తోకకు తోక లాగి అడిగితే, పేపర్లో ఉన్నదే చదివాను, నాకేం తెలుసన్నాడు మావ. తిలాపాపం తలాపిడికెడు అంటారు. మావ తన పిడికెడు కూడా జైల్లో ఉన్నవాడి నెత్తిన పోశాడు. ప్రాణాలకి తెగించి కాపాడినవాణ్ణి ఎవరనుమానిస్తారు?

వారం తర్వాత వాళ్లావిడ పొట్లం కడుతూ ఆగిపోయింది. కట్ట అడుగున ఆ ఏడో పేజీ దొరికింది. ఆ ముగ్గురూ దుప్పట్లు అమ్ముకునేవాళ్లనీ, పిల్లల దొంగలెవరూ లేరనీ, దెబ్బలకి ఒకడు చనిపోయాడనీ ఉంది. తేదీ చూస్తే రెండేళ్ల కిందటిది. ఆవిడ తిట్టలేదు. కాగితం మొగుడి ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ తిట్టకపోవడం పెళ్లయ్యాక అదే మొదలు.

అప్పట్నుంచి మావ చదవడం మానేశాడు. కాగితం చూడకుండా చుట్టి ఇచ్చేవాడు.

నాలుగు నెలల తర్వాత తమ్ముడు వచ్చాడు. బస్తా ఎడమ భుజాన ఉంది, నెత్తిన ఏమీ లేదు. కట్టకి ముడి లేదు, తాడు రెండు చుట్లు చుట్టి కొస దోపాడు. మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

“ఇందులో నా ఫోటో ఉందన్నారన్నా. ఇంకెవరి చేతా చదివించలేదు. నువ్వే చదవాలని దాచుకున్నా,” అన్నాడు.

మావ కళ్లజోడు దించాడు. బస్తా మనిషి మీద దాడి అని ఉంది. దెబ్బల వివరం ఉంది. మాంసం వ్యాపారి తెగువ గురించి నాలుగు మంచి మాటలున్నాయి. ఆ మాటల దగ్గర తమ్ముడు తలూపాడు. ఇంత ఘోరానికి కారణమైన పుకారు మొదట ఎక్కడ పుట్టిందంటే... మిగతా ఏడో పేజీలో.

మావ ఆగిపోయాడు. గల్లాపెట్టె దగ్గర వాళ్లావిడ తలెత్తి చూసింది.

“ఆగావేంటన్నా? ఏడో పేజీ నీ దగ్గరే ఉంటుందిగా,” అని తమ్ముడు వంకర పెదవితో నవ్వాడు.

మావ కాగితం మీద కళ్లు అలాగే పెట్టి చదవసాగాడు. పుకారు పుట్టింది ఆ మాంసం కొట్టులోనే అని చదివాడు. కొట్టువాడు సగం వార్త చదివి మిగతాది కల్పించాడనీ, ఎర్ర తువ్వాలు వాడి నోటివెంటే వచ్చిందనీ, అది తనకి వారం వారం కాగితాలిచ్చేవాడి తువ్వాలనీ చదివాడు. చెయ్యి మొద్దు మీద పెట్టినప్పుడు నిజం చెప్పడానికి భయపడి నోరు మూసుకున్నాడనీ, పోలీసులకీ అబద్ధమే చెప్పాడనీ చదివాడు. గొంతు మార్చకుండా చదవాలనుకున్నాడు గానీ కుదర్లేదు. కళ్లజోడు కిందినుంచి నీళ్లు జారి కాగితం మీద పడ్డాయి.

తమ్ముడు నవ్వడం ఎప్పుడో ఆపేశాడు. లేచి నిలబడ్డాడు. రెండు వేళ్లు మిగిలిన చేతిని మెల్లిగా తెచ్చి మొద్దు మీద, తడి ఆరని కత్తి పక్కన ఆనించాడు.

“మరి వాణ్ణేం చెయ్యాలంటావన్నా?” అని అడిగాడు.

ఈసారి అందులో నవ్వు లేదు. మావ కత్తి వైపు చూశాడు, ఎత్తలేదు. బయట ఎవరో అరకిలో కావాలని పిలుస్తున్నారు. తమ్ముడు కదల్లేదు, జవాబు కోసం అలాగే నిలబడి ఉన్నాడు.