ఉప్పుచేప, నీళ్ళ గ్లాసు

పోయిన శుక్రవారం గల్ఫ్‌లో, రోలాలోని మా హోటల్ వంటింట్లో ఉల్లికాడలు తరుగుతుంటే, నాతో పనిచేసే జగిత్యాల తమ్ముడు ఫోన్ పట్టుకొని వచ్చాడు. "అన్నా, మాస్టర్ పోయిండట. బిడ్డ ఇంట్లనే, నిద్రలనే. ఆమెనే మెసేజ్ పెట్టింది." ఏడుపు కంటే ముందు నాకు హమ్మయ్య అనిపించింది. ఆ మాట రాయడానికి నేనేం సిగ్గుపడను.

మాస్టర్ హాంకాంగ్ మనిషి. మాకు చైనీస్ వంట నేర్పిన గురువు. మా మధ్య నడిచింది వచ్చీరాని హిందీ. నేను చేరిన కొత్తలో, ఆయన ముచ్చటపడి తెప్పించుకున్న ఉప్పుచేపను మన ఎండుచేపల్లాగే వేడినీళ్ళలో నానబెట్టి, రుద్ది రుద్ది కడిగేశాను. ఉప్పంతా పోయింది. ఆయన రుచి చూసి, నవ్వాపుకోలేక గోడకు చేరగిలబడ్డారు.

ఉప్పుచేప తిన్నవాడు దాహం కూడా ఓర్చుకోవాలని వాళ్ళ కాంటనీస్ భాషలో ఒక సామెత ఉంది. కోరుకున్న పని వెంట వచ్చే కష్టం కూడా నీదేనని అర్థం. మామూలుగా మందలించడానికి వాడతారట. పొయ్యి సెగకో, ఇంటి మీద బెంగతోనో నేను సణిగినప్పుడల్లా మాస్టర్ కూడా వాడేవారు. కాకపోతే ముందు చల్లటి నీళ్ళ గ్లాసు చేతికిచ్చి "పహ్లే పానీ" అనేవారు. ముందు నీళ్ళు, తర్వాతే సామెత. అందుకే అది నాకెప్పుడూ తిట్టులా వినిపించలేదు.

నిరుడు ఆయనకు జబ్బు ముదిరింది. కూతురి దగ్గరికి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటున్నా, ఒప్పందం మధ్యలో పంపమని మా ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, అడగరు. కోరి వచ్చిన దేశం కదా అని ఆ సామెతను తన మీదే వేసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. నిండు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాను.

"పహ్లే పానీ, మాస్టర్. దాహమైతే నీళ్ళు తాగొద్దని మీ సామెతలో ఉందా?" అని హిందీలోనే నిలదీశాను.

ఆయన గ్లాసు వంక చూస్తూ కూర్చుని, చివరికి తాగారు. "ముదీర్ కో బోలో" అన్నారు, ముదీర్‌కు చెప్పమని.

వెంటనే వెళ్ళి ముదీర్‌కు చెప్పాను. ఆ వారమే టికెట్ వేశారు. పరాయి గదిలో, పరాయి మంచం మీద పోతారేమోనన్న నా భయం ఆ విమానంతోనే ఎగిరిపోయింది.

మెసేజ్ చివర కూతురు ఒక సంగతి అడిగింది. ఆఖరి రోజు తను ఏడుస్తుంటే, నాన్న మంచం పక్కనున్న గ్లాసు చూపించి "పహ్లే పానీ" అన్నారట. ఆ మాటకు అర్థమేమిటని.

తమ్ముడు చదవడం ఆపి ముఖం తిప్పుకున్నాడు. జవాబు తర్వాత రాయొచ్చులే అని, లేచి వాడికి ఒక గ్లాసు నీళ్ళిచ్చాను.