గుర్రం దిగని గిర్దావరు

బోధన్ నుంచి మా ఊరి పంటలు చూసి లెక్క రాసుకోవడానికొచ్చే రెవెన్యూ గిర్దావరుకు మొదట్లో పొట్టి గుర్రం ఉండేది. కాలు చాపితే నేల అందేది. దిగి, మా చెరుకు గట్టు మీదే కూర్చుని చాయ్ తాగేవాడు.

ఎత్తు గుర్రం కొన్నాక దిగడం మానేశాడు. పంట చూడ్డం, సంతకాలు, చాయ్, అన్నీ జీను మీదే.

"పెద్ద గుర్రం ఎక్కంగనే సారుకు కండ్లు నెత్తికెక్కినయి," అన్నది అవ్వ. అయినా ఊళ్లో మర్యాద పెరిగింది. చాయ్ రెండు చేతులా పైకెత్తి అందించేవాళ్లు.

ఒకనాడు మూడు ఊళ్ల చాయ్ తాగొచ్చి, ఆపుకోలేక మా చెరుకుతోట దగ్గర దిగాడు. పని ముగించుకొని వచ్చి, గుర్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎడ్లబండి దగ్గరున్న మా బాపు దగ్గరికొచ్చాడు.

"పటేలా, నీ బండి జర గుర్రం పక్కకు పెట్టు. ఎక్కనీకి కాలు అందుత లేదు. ఎవ్వలకు చెప్పకు."

బాపు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత చాయ్ మాత్రం సగం కప్పే ఇచ్చేవాడు.