ఓం శాంతి పేజీలో నాన్న

ఆ మనిషి మా హాల్లోకి వచ్చి, కూర్చోకముందే గోడ వైపు చూశాడు. అమ్మ ఫొటో పక్కన ఖాళీగా ఉన్న మేకు వైపు. నాకు అక్కడే ఒళ్లు మండింది.

అతనెవరో తెనాలిలో తెలియనివాళ్లు తక్కువ. ఫేస్‌బుక్‌లో అతనికో పేజీ ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఎవరు పోయినా ఫొటో పెట్టి, వాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాస్తాడు. పైసా తీసుకోడు. లేనివాళ్ల ఇంటికైతే ఐస్ బాక్సు కూడా ఉచితంగా పంపిస్తాడు. ఎండాకాలం బస్టాండు దగ్గర మజ్జిగ పోస్తాడు, ఆసుపత్రిలో అరటిపళ్లు పంచుతాడు. అన్నిటికీ ఫొటోలుంటాయి. మజ్జిగ అందుకునే ముసలమ్మ కెమెరా వైపు తిరిగేదాకా ఇతను గ్లాసు వదలడని నా అనుమానం. జనం మాత్రం దేవుడంటారు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఎవరు పోయారో ఆ పేజీలోనే చూసుకుంటారు. నేనూ చూస్తాను, అది వేరే సంగతి.

ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తున్నారంటే వెనక ఏదో ఉందనుకునే బుద్ధి నాది. కౌన్సిలర్‌గా నిలబడతాడని కొన్నాళ్లు అనుకున్నాను. నిలబడలేదు. ప్లాట్ల వ్యాపారం పెడతాడనుకున్నాను. పెట్టలేదు. ఎంతకీ ఏదీ బయటపడకపోయేసరికి నా అనుమానం ఇంకా ముదిరింది.

అప్పటికి నాన్న మా ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా రేపల్లె, తెనాలి, బాపట్ల మధ్యే తిరిగాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లమని డాక్టరు చెప్పేశాడు. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషన్. జబ్బు గురించి నాన్న ఒక్క మాట అనేవాడు కాదు. ఆయన బెంగంతా మనుషుల కోసమే. కిక్కిరిసిన బస్సులో బతికినవాడికి చివరికి మిగిలింది నేను, మా ఆయన, ఆ మిషన్ చప్పుడు.

"అంతమందికి టికెట్లు కొట్టాను, ఒక్కడూ రాడేంటే?" అని రోజూ అడిగేవాడు.

ఆ మాట వినలేక తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. పేరుపేరునా బతిమాలాను. అందరూ వస్తామన్నారు. ఎవరూ రాలేదు.

అలాంటి సమయంలో అరటిపళ్లు పట్టుకుని ఈ పేజీ అతను దిగాడు.

"అక్కా, బాబాయి గారిది మంచి ఫొటో ఏమన్నా ఉందాండి?"

"ఆయన బతికే ఉన్నారు."

"తెలుసండి."

తెలిసే వచ్చాడు! నోటికొచ్చింది అనబోయేలోపు లోపల్నుంచి నాన్న గొంతు వినబడింది. "ఎవరే వచ్చింది? ఇటు పంపించు."

లోపలికి వెళ్లాడు. నేను గుమ్మం పక్కన నిలబడి చెవులు రిక్కించాను. మిషన్ చప్పుడులో ఒక్క ముక్క అర్థం కాలేదు. నాన్న నవ్వు మాత్రం వినబడింది, ఆ తర్వాత దగ్గు. అతను వెళ్లిపోయేటప్పుడు జేబులో మా నాన్న ఫొటో ఉంది. ఖాకీ బట్టల్లో, భుజాన టికెట్ల సంచితో ఉన్నది. పెట్టెలోంచి నాన్నే తీయించి ఇచ్చాడట. మంచం మీదున్న మనిషిని మాటలతో బుట్టలో వేసుకున్నాడని పళ్లు నూరుకున్నాను. అరటిపళ్లు పనిమనిషికి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున పేజీ తెరిస్తే నాన్న. పైన, రేపల్లె బస్సు ఎక్కినవాళ్లెవరూ ఈ ముఖాన్ని మరిచిపోరని రాశాడు. తర్వాత నాన్న గురించి చాలా ఉంది. పరుగెత్తుకొచ్చే కాలేజీ పిల్లల కోసం బస్సు ఆపించడం, చిల్లర లేని ముసలివాళ్లని దించకపోవడం. అన్నీ నిజాలే. అన్నిటికంటే కింద, ఆఖరి వరసలో, ఆయన తెనాలిలో కూతురి దగ్గర ఉన్నారని, ఎవరొచ్చి పలకరించినా సంతోషిస్తారని రాశాడు. అక్కడిదాకా చదవాలంటే వేలితో నొక్కి తెరవాలి. ఎవరు నొక్కుతారు? ఆ పేజీలో ఫొటో పడిందంటే పోయినట్టే. కింద వరసగా ఓం శాంతులు, దండం పెట్టే బొమ్మలు, మా ఇల్లెక్కడో ఒకరినొకరు అడిగి చెప్పుకోవడాలు.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. మొదట పెనుమూడి నుంచి మా చిన్నత్త, ఒకటే శోకాలు. నాన్న ఫోన్ లాక్కుని, "నేనే మాట్లాడుతున్నా. ఏడుపాపి బస్సెక్కు" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా మా గుమ్మం ముందు చెప్పులు పట్టలేదు. పిట్టలవానిపాలెం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. చదువుకునే రోజుల్లో నాన్న ఆమె కోసం బస్సు ఆపించేవాడట. బాపట్ల నుంచి పాత డ్రైవరు వచ్చాడు. గుమ్మంలోనే నాన్నని చూసి కొయ్యబారిపోయి, చేతిలో ఉన్న పూలదండ వీపు వెనక దాచుకున్నాడు.

"ఏంట్రా వెనక? ఇటు తే," అన్నాడు నాన్న. దండ చూసి, "ఆ మిషన్‌కి వెయ్యి. ఇప్పుడు నన్ను నడిపిస్తున్న డ్రైవరు అదే."

గదినిండా జనం. వెనకవాళ్లు తొంగి చూస్తుంటే నాన్న గొట్టంతోనే, "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని కేకలు. నేను టీలు కాస్తూ వంటింట్లో ఏడ్చాను. సంతోషానికో కోపానికో నాకే తెలియలేదు.

సాయంత్రం అతనికి ఫోన్ చేసి ఉతికి ఆరేశాను.

"కింద రాశానండి, అక్కా."

"కింద ఎవరూ చదవరని నీకు తెలీదా?"

"బాబాయి గారు ఏమంటున్నారండి?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

నిజం తెలిశాక జనం పేజీ మీద పడ్డారు. లైకుల కోసం బతికున్నవాణ్ణి చంపేశాడన్నారు. మజ్జిగ ఫొటోల కింద కూడా అవే తిట్లు. చాలామంది ఆ పేజీ చూడటం మానేశారు. అన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు నాలుగు రోజుల్లో నీళ్లపాలైంది. అతను ఎవరికీ జవాబివ్వలేదు. తప్పు చేసినవాడు ఏం చెబుతాడులే అనుకున్నాను.

వానలు పడ్డాక నాన్న నిజంగానే పోయాడు. అతను పేజీలో పెడితే, కింద "మళ్లీనా?" అని ఒకరు, "ఈసారి కిందదాకా చదివాం" అని ఇంకొకరు. పళ్లికిలించే బొమ్మలు. చిన్నత్త, డ్రైవరు, వీధిలో కొందరు తప్ప ఎవరూ రాలేదు. షామియానా కింద కుర్చీలు అలాగే ఉండిపోయాయి. ఐస్ బాక్సు తెచ్చి దించి, గేటు పక్కన నిలబడ్డాడు అతను. నేరుగా అతని దగ్గరికి వెళ్లాను.

"చూశారుగా, మీరు చేసిన పుణ్యం?"

"ఆయనే నాకు ఫోన్ చేసి పిలిచారండి, అక్కా. అలా రాయమన్నదీ ఆయనే. బతికున్నాడని పైన రాస్తే ఒక్కడూ రాడు, కింద రాయి అన్నారు. నేను వద్దన్నానండి. మనిషి కోసం జనం ఒక్కసారే వస్తారబ్బాయ్, ఆ వచ్చేదేదో నేను చూసేట్టు రానీ అన్నారు."

పోయిన మనిషి లేచొచ్చి కాదనడు కదా. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "ఇదంతా పేజీలో రాసుకోవాల్సింది. ఇన్ని తిట్లెందుకు తిన్నారు?" అన్నాను.

"తను ఉన్నన్నాళ్లూ ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నారండి. అమ్మాయి ఊరంతా ఫోన్లు చేసి పిలిస్తే రానివాళ్లు, నేను చచ్చాననగానే వచ్చారని తెలిస్తే దాని మనసు కష్టపడుతుంది అన్నారండి."

అప్పుడు గుర్తొచ్చింది, ఆ మిషన్ చప్పుడు చాటున వినబడిన నవ్వు. చిన్నత్త శోకాలు పెడుతుంటే బస్సెక్కమన్న గొంతులో ఆశ్చర్యమే లేదు. ప్రపంచంలో అందరినీ అనుమానించాను, మా నాన్నని తప్ప.

ఒక కుర్చీ లాగి అతని ముందు వేశాను. "కూర్చోండి," అన్నాను. కుర్చీలు ఇంకా చాలానే ఖాళీగా ఉన్నాయి.