అప్ప పెళ్లిచూపుల్లో పాడిన పాట

మా చిన్నప్పుడు... భోగాపురం దగ్గర మా ఊరి ఒడ్డున, పొద్దెక్కేసరికి ఆడవాళ్లంతా ఇసక మీద నెత్తళ్లు ఆరబోసేవాళ్లు. చేతులు చేపల మీద, నోరు పాట మీద. ఒకరు ఒక మాట కడితే పక్కనున్నామె తర్వాతి మాట అందుకోవాలి. అందుకోలేకపోతే ఆ రోజంతా వెక్కిరింపులే.

మా వైపు అక్కని అప్ప అంటాం. పాట కట్టడంలో మా అప్పని మించినవాళ్లు లేరు. రంగు మాత్రం నలుపు. నేనూ అంతే అనుకోండి. ఇంటికెవరొచ్చినా "కళైన మొగవే, కాస్త రంగుంటేనా..." అని నిట్టూర్చేవారు. ఆ 'కాస్త' అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మంట.

ఆ ఏడు అప్పకి మంచి సంబంధం వచ్చింది. సొంత బోటున్న ఇల్లు. అమ్మ ఆశలన్నీ దాని మీదే. పెళ్లిచూపుల రోజు సున్నిపిండితో అప్ప ఒళ్లంతా ఎర్రబడేలా తోమింది. ఆపైన పౌడరు డబ్బా సగం మొహానికే పూసేసింది. ఆ తొందరలో చేతుల సంగతి మర్చిపోయింది...

అప్ప టీ గ్లాసులు అందిస్తుంటే పెళ్లికొడుకు మేనత్త చూపు మొహం మీంచి చేతుల మీదికి దిగింది. నడవమంది. జడ విప్పమంది. చివరికి ఆనవాయితీగా ఓ పాట పాడమంది. అమ్మ ముందే ఒక దేవుడి పాట నేర్పి ఉంచింది. అప్ప తల వంచుకునే, నెమ్మదిగా, తను కట్టిన పాట ఎత్తుకుంది.

"మొగానికి పౌడరేసినారు మావోలు... సేతులకి మరిసిపోనారు
నెత్తళ్లెండిన ఎండలోనే నానూ ఎండినాను
సందమావలాటి పిల్లే కావాలంటే... పున్నమికి మా ఒడ్డుకి రండి
నీల్లలోంచి పైకొస్తాది, దాన్నే తీసుకెల్లండి"

ఎవరూ నవ్వలేదు. గ్లాసులు కింద పెట్టి లేచి వెళ్లిపోయారు. సంబంధం తప్పిపోయింది. అమ్మ ఏడ్చి ఏడ్చి, అప్పతో మాట మానేసింది. నాకు మాత్రం లోపల ఎంత గర్వంగా ఉండేదో... పైకి చెప్తే వీపు చిట్లిపోయేది.

పాట మాత్రం ఒడ్డుకి చేరిపోయింది. ఆడవాళ్లు రోజుకో మాట కలిపారు. పొడుగు పిల్ల, పొట్టి పిల్ల, ఎత్తుపళ్ల పిల్ల... అందరూ అందులోకి వచ్చేశారు. అమ్మ విననట్టే ఉండేది. ఒకరోజు అప్ప వంతు వచ్చేసరికి మాట దొరకక పాట ఆగిపోయింది. అప్పుడు అమ్మ, తలెత్తకుండానే అందుకుంది.

"పౌడరేసిన సెయ్యి నాదే తల్లీ... కడిగీసిన సెయ్యీ నాదే"

అప్ప నెత్తళ్ల గంప వదిలేసి వెళ్లి, అమ్మ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. తర్వాత వేరే సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల్లో బావ అడిగి మరీ ఆ పాటే పాడించుకున్నాడు.

ఇప్పుడు ఒడ్డున ఆరబోసేవాళ్లు తగ్గిపోయారు... పాటలూ తగ్గిపోయాయి. మొన్న మా అమ్మాయి నాతో దిగిన ఫోటో చూపించింది. ఇద్దరం తెల్లగా మెరిసిపోతున్నాం. ఫిల్టర్ వేశానమ్మా, ఎంత బాగున్నావో చూడు అంది ప్రేమగా. నా గుండె చివుక్కుమంది. ఈ పౌడరు నీళ్లతో కడిగితే పోయేది కాదే...

తిట్టలేదు. ఆ పాట పాడి వినిపించాను. మొత్తం విని, "మరి ఇందల ఫోను గురించి లేదేటమ్మా?" అంది. నువ్వే కట్టు అన్నాను.

ఇంకా కట్టలేదు. వంతు దాని దగ్గరే ఆగి ఉంది... మీకేదైనా తోస్తే కింద ఒక మాట అందివ్వండి.