బొమ్మల తాత అడిగిన కథ

నా చిన్నప్పుడు భయపడటమంటే నాకు మహా సరదా. గురజాల దగ్గర మా ఊళ్ళో, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, తోలుబొమ్మలాడించే ముసలాయన ఉండేవాడు. అందరికీ ఆయన బొమ్మల తాతే. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరక్క ఆటలు ఆగిపోయాయి. ఈలోగా ఆయనకు మోకాళ్ళూ పట్టేశాయి. పగలల్లా అరుగు మీద కూర్చుని పాత బొమ్మలకు కుట్లు వేసుకునేవాడు.

బడి వదలగానే పలక పట్టుకుని అక్కడికే పరుగు. తాత ఏదో ఒక చిరిగిన బొమ్మ తీసి ఎండకు ఎదురుగా పట్టేవాడు. తల లేని ఆడమనిషి, ఒంటి చెయ్యి, కళ్ళు పురుగు తినేసిన రాక్షసి. ఆ తోలులోంచి ఎరుపూ నలుపూ గోడ మీద పడి కదులుతుంటే నాకు ఒళ్ళు జలదరించేది. దీనికేమైందో రాయమనేవాడు. నేను పలక నిండా రాసి చదివి వినిపించేదాన్ని. ఆయనకు అక్షరం ముక్క రాదు. అయినా కథలో నేనెక్కడ బుకాయించానో ఇట్టే పట్టేసేవాడు. నా అంత రాసేవాళ్ళు ఊళ్ళో లేరని అప్పటికే నాకు కాస్త గర్వం తలకెక్కింది కూడా.

ఆ ఎండాకాలం వాగు ఎండిపోయింది. దాహమైతే ఇసుకలో గుంట తవ్వి చెలమ తీసుకుని తాగాల్సిందే. ముందే తీసిన చెలమైతే నిలవ ఉన్న నీళ్ళు మొత్తం తోడి పారబోయాలి. అడుగు నుంచి కొత్త ఊట తేటగా వచ్చేదాకా కూర్చోవాలి. ఇది మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకనాడు పొలంలో నాన్నకు సద్ది ఇచ్చి, నాలుగేళ్ళ తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని వాగు దాటి వస్తున్నాను. ముఖమే లేని బొమ్మ ఒకటుందనీ, ఆ రోజు చూపిస్తాననీ తాత చెప్పి ఉన్నాడు. నా ధ్యాసంతా దాని మీదే. తమ్ముడు దాహమని ఏడ్చాడు. ఎవరో తీసి వదిలేసిన చెలమ కనబడింది. తోడలేదు, ఊట కోసం ఆగలేదు. దోసిలి ముంచి వాడి నోటికి అందించాను.

మూడోనాడు కలరా వాణ్ణి తీసుకుపోయింది. పొద్దున వాంతులు మొదలయ్యాయి, సాయంత్రానికి పిల్లవాడు లేడు.

పోలేరమ్మకు మొక్కిన కోడిని ఇవ్వకుండా వాయిదా వేసినందుకే బిడ్డ పోయాడని అమ్మ అనుకుంది. తానే చంపుకున్నానని తల బాదుకునేది. ముద్ద నోట పెట్టేది కాదు. నాన్న బతిమాలినా వినలేదు. మనిషి రోజురోజుకూ కరిగిపోతోంది. అసలు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోరు మూసుకుని ఊరుకున్నాను. నెల రోజులు పలక ముట్టలేదు.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం తాత నన్ను పిలిపించాడు. అరిగిపోయిన బొమ్మల్ని బొమ్మలాటవాళ్ళు చెత్తలో వెయ్యరు. మనుషుల్ని సాగనంపినట్టే కృష్ణకు తీసుకుపోయి నీళ్ళలో కలుపుతారు. కలిపే ముందు ఆ బొమ్మ కథ ఎవరైనా ఒకసారి చెప్పడం తాత ఇంటి ఆచారం. ఆ రోజు నా చేతిలో పెట్టింది ముఖం లేని బొమ్మే. చిన్న పిల్లవాడి బొమ్మ అని అప్పుడే తెలిసింది.

పిల్లవాడు అడవిలో తప్పిపోతే అమ్మవారు ఎత్తుకొచ్చి ఇంట్లో దింపిందని రాశాను.

"ఇది కత కాదే పిల్లా. నువ్వు బొమ్మ వంక చూడలా" అన్నాడు తాత.

చెరిపేసి మళ్ళీ రాశాను. మళ్ళీ అదే మాట. మూడోసారి నాలుగే నాలుగు ముక్కలు రాశాను. అక్కకు తొందర. చెలమ తోడలేదు. తమ్ముడు తాగాడు. అమ్మ తప్పు లేదు. చదివి వినిపించాను.

"ఆ పొద్దు బొమ్మ చూపిస్తానని ఆశపెట్టింది నేనేగా" అన్నాడు తాత. నీ తప్పు కాదని మాత్రం అనలేదు. ఆ ఒక్క మాట అననందుకు ఆయన మీద నాకు ఏళ్ళ తరబడి కోపం ఉండేది.

పట్టేసిన మోకాళ్ళతోనే లేచి, నన్ను వెంటబెట్టుకుని మా ఇంటికి నడిచాడు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిల్ల ఒకటి రాసింది, విను తల్లీ అని చెప్పి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నేను పలక మీద ఉన్నది చదివాను. అమ్మ లేచి కూర్చుంది. కొట్టలేదు, దగ్గరకూ తీసుకోలేదు.

"ఎన్ని గుక్కలు తాగాడే?" అని అడిగింది.

రెండు అన్నాను. అమ్మ తల ఊపింది. ఆ పూట నాలుగు ముద్దలు తిన్నది. మొక్కు మాట మళ్ళీ ఎత్తలేదు. చెలమ మాట కూడా బతికినన్నాళ్ళూ ఎత్తలేదు.

తరువాత నేను చాలా కథలు రాశాను. రాయాలని ఉందంటూ వచ్చే పిల్లలకు నేను చెప్పేది తాత దగ్గర నేర్చుకున్నదే. నిన్ను భయపెట్టేదాని వంక ముఖం తిప్పుకోకుండా చూసి, ఉన్నది రాయమంటాను. చెప్పడం తేలికే. అమ్మకు నేనిచ్చిన జవాబు అబద్ధం. వాడు రెండు గుక్కలతో ఆపలేదు. నా మణికట్లు పట్టుకుని, ఇంకా కావాలని అడిగి అడిగి, కడుపునిండా తాగాడు. ఈ ముక్క రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. చదివి వినిపిద్దామంటే అమ్మ లేదు.