రంగూను జీవానందం కారు కాగితాలు

రంగూను జీవానందం అనే పేరు అతనికి మేం పెట్టిందే. అతను పుట్టిందీ, ఇరవై రెండేళ్ళు కలప కంపెనీ కారు తోలిందీ అక్కడే. తండ్రిది మాత్రం ఇందుకూరుపేట. అరవై నాలుగులో ఇక అక్కడ బతుకు లేదని భార్య ఎలిశబెతును వెంటబెట్టుకుని ఓడెక్కి వచ్చాడు. సొంత ఊరికి వచ్చావు కదా అంటే ఒప్పుకునేవాడు కాదు, పరాయి దేశానికి వచ్చానని అనేవాడు. నేను అప్పట్లో నెల్లూరులో ఒక మద్రాసు కంపెనీకి వాహనాల ఇన్సూరెన్సు ఏజెంటుని. ఆ మాట వింటే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

ఎలిశబెతు నగలమ్మి, రైసుమిల్లు పద్మనాభయ్య గారి పాత ల్యాండ్‌మాస్టర్ కారు కొన్నాడు. కొనడం ఒక్క పూటలో అయింది. కాగితాలకు ఏడు నెలలు పట్టింది. రంగూను లైసెన్సు ఇక్కడ చెల్లదన్నారు. నలభై ఆరేళ్ళ మనిషి మళ్ళీ ఓనమాలు దిద్దినట్టు పరీక్షకు నిలబడ్డాడు. ఇన్సూరెన్సు ఫారంలో, ఇదివరకు ఎన్నేళ్ళు బండి తోలారని ఒక గడి ఉంటుంది. ఇరవై రెండేళ్ళు, బండికి ఒక్క గీత పడలేదన్నాడు. రుజువేదన్నాను. కాగితాలన్నీ అక్కడే ఉండిపోయాయన్నాడు. సున్నా అని రాశాను. ఆ సున్నా వంక అతను చాలాసేపు చూశాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, లైసెన్సు వచ్చినా బాడుగకు తిప్పే పర్మిట్టు రాలేదు. దానికి ఈ జిల్లాలో స్థిరంగా ఉంటున్నట్టు ఒక కాగితం కావాలి. ఆ కాగితమిచ్చే చోట రేపు రమ్మనడం తప్ప వేరే మాట లేదు. కాళ్ళరిగేలా తిరిగాడు. అతని తిరుగుడు చూడలేక చివరికి నేనే విసిగి, కారు సొంత వాడకానికని రాసి పాలసీ ఇప్పించాను. దారిలో ఎవరైనా ఆపితే ఎక్కినవాళ్ళు చుట్టాలని చెప్పమన్నాను. మా వైపు కారున్నవాళ్ళు చాలామంది చేసే పనే అది. జీవానందానికి మాత్రం ఆ అబద్ధం గొంతు దిగలేదు. దొరికితే పాలసీ రద్దవుతుంది, కారు పట్టుకుపోతారు. మొగుడూ పెళ్ళాలకు ఆ కారు తప్ప మరో ఆధారం లేదు.

అయినా మైపాడు నుంచి నెల్లూరు ఆసుపత్రులకు జనాన్ని తేవడం మొదలుపెట్టాడు. చేపలమ్ముకునే మాలకొండమ్మ కీళ్ళనొప్పుల మందుకని నెలకోసారి ఎక్కేది. ఎక్కిన మొదటి రోజే అతన్ని తమ్ముడా అని పిలిచింది. అదీ నేను నేర్పిన ఎత్తులో భాగమేననుకున్నాడు పాపం.

అరవై ఏడు వేసవిలో ఒక ఉదయం ఆమె కూతురు పోలేరమ్మకు నొప్పులొచ్చాయి. తల్లీకూతుళ్ళు వెనక కూర్చున్నారు. మైపాడులో పనిమీద ఉన్న నేను కూడా ముందు సీట్లో ఎక్కాను. నెల్లూరు పొలిమేరలో బ్రేకు ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆపాడు.

వీళ్ళు నీకేమవుతారని జీవానందాన్ని అడిగితే, మాలకొండమ్మ ముందే అందుకుని నా తమ్ముడు అంది. పోలేరమ్మ మూలుగుతూనే, మా అన్న, పోనీయండి అంది. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. తల్లికి తమ్ముడైనవాడు కూతురికి మేనమామ అవుతాడు గానీ అన్నెట్లా అవుతాడన్నాడు. నేను నోరు మెదపలేదు. నా ఏజెన్సీ ఎక్కడ పోతుందోనని భయం. ఆ పిరికితనానికి నాకిప్పటికీ సిగ్గే.

జీవానందం స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంత అలసిపోయిన మొహాన్ని నేను మళ్ళీ చూడలేదు.

"వీళ్ళు నాకేమీ కారు సార్. ఈ దేశంలో నాకెవురూ లేరు. బాడుగకే తోల్తుండా, రాసుకోండి. ఆ బిడ్డను మాత్రం ఆసుపత్రిలో దించనీయండి" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. ఒక జవానును మాతో ఎక్కించి పంపాడు. పోలేరమ్మను లోపలికి తీసుకుపోయాక జవాను కారు తాళాలు పుచ్చుకున్నాడు. ఆ కారు తర్వాత మూడు నెలలు పోలీసు స్టేషన్ ఆవరణలో ఎండింది. పాలసీ రద్దుకు నా చేత్తోనే రాయాల్సి వచ్చింది.

ఆసుపత్రి మెట్ల మీద జీవానందం కూలబడ్డాడు. కారు పోయిన దిగులుంది గానీ, నిజం చెప్పేసినందుకు మనసు తేలికపడిందన్నాడు. గంట తర్వాత మాలకొండమ్మ బయటికొచ్చి, ఆడబిడ్డ పుట్టిందని నాతో చెప్పింది. అతని వైపు తిరగను కూడా తిరగలేదు. అబద్ధం నా నోట రాలేదమ్మా, ఏమీ అనుకోవద్దని అతనే లేచి అన్నాడు.

అప్పుడు తిరిగింది.

"నేనేమన్నా అబద్ధమాడినానా? ఇన్నాళ్ళూ నోరారా తమ్ముడా అని పిలిస్తినే. నా కూతురు అన్నా అనె. నడిరోడ్డులో నిలబెట్టి మమ్మల్ని ఏమీ కారంటివే!"

కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది. జీవానందం ఆమె వెనకాలే వెళ్ళాడు. గది గుమ్మం దాటకుండా ఆగి, అక్కా, బిడ్డను చూడొచ్చా అని అడిగాడు. అతను ఈ దేశంలో ఒకరిని వరస కలిపి పిలవడం నేను వినడం అదే మొదటిసారి.