గోడవైపు తిరిగిన శాస్త్రం

మొన్న మా మనవరాలు ఒక వారపత్రిక తెచ్చి నా ఎదుట కూర్చుని, అందులోని ఇరవై ప్రశ్నలు చదివి, నా జవాబులకు పెన్సిలుతో టిక్కులు పెట్టి, చివరి పేజీ తిరగేసి, నేను గంభీర స్వభావుణ్ణనీ నలుగురిలో నోరు విప్పని వాణ్ణనీ తేల్చి చెప్పింది. పెళ్ళిళ్ళలోనే కాదు, చావు ఇళ్ళలో కూడా నన్ను మాట్లాడకుండా కూర్చోబెట్టలేక నలభై ఏళ్ళుగా అవస్థ పడుతున్న మా ఇంటావిడ వంటింట్లో నవ్వు ఆపుకోలేక దగ్గింది. పిల్లను నేను తప్పు పట్టను. అచ్చులో ఉన్నదాన్ని నమ్మే వయసు దానిది. నాకు ఒళ్ళు మండింది ఆ ప్రశ్నలు రాసినవాడి మీద. వాడు నన్ను చూడలేదు, చూడాలని అనుకోనూ లేదు, అయినా నేనెవరో వాడికి తెలిసిపోయింది. ఇలాంటి మనిషి దగ్గర ఒకప్పుడు నేను జీతం తీసుకుని మరీ పనిచేశాను.

యుద్ధం రోజులు. బస్సులు వెనకాల బొగ్గు పొయ్యి కట్టుకుని తిరిగి, ఎత్తు వచ్చినచోట ప్రయాణికుల చేత తోయించుకున్న కాలం మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నేను ఇంటరు తప్పి, చిక్కబళ్ళాపురంలో మా బాబాయి అంగడిలో కూర్చుని బేరానికొచ్చిన వాళ్ళను నవ్వించి పంపేస్తూ ఉండేవాణ్ణి. నవ్వినవాళ్ళు సరుకు కొనడం మరిచిపోతున్నారని మా బాబాయి గ్రహించిన వారంలోనే, మైసూరు నుంచి ఒక ప్రొఫెసరుగారు మన తాలూకాల్లో పిల్లల మనస్సును పరిశోధించడానికి వచ్చి, తెలుగూ కన్నడమూ వచ్చిన సహాయకుడు కావాలన్నారు. మా బాబాయి నన్ను ఎంత సంతోషంగా అప్పగించాడో చెప్పలేను. మొదటిరోజే, ఏ పిల్లవాడి మనస్సు సార్ అని అడిగాను. ఎవరిదీ కాదు, అందరిదీ అన్నారాయన. నేను వేళాకోళానికి అడిగాననీ, ఆయన నిజంగానే చెప్పారనీ తెలియడానికి నాకు నెల పట్టింది. ఒక్క మనిషి అంటే కాకతాళీయమట, వందలమందిని కలిపితే నియమం బయటపడుతుందట. రాయి ఎట్లా పడుతుందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞుడు ఒక్కొక్క రాయినీ పిలిచి విచారిస్తాడా అన్నారు. రాళ్ళకు ఇంట్లో తాతలుండరు కదా సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. పాపం, ఆయనకు నవ్వడం చేతకాదు గాని చెడ్డవారు కారు. తన భోజనంలో సగం నాకు పెట్టేవారు.

మా పరిశోధన ఇట్లా సాగేది. ఒక చెక్కపలకలో గుండ్రం, చదరం, నక్షత్రం, ఇంకా ఏవేవో ఆకారాల గుంతలు ఉండేవి. వాటిలో సరిగ్గా ఇమిడే బిళ్ళలు పక్కన ఒక పెట్టెలో ఉండేవి. పిల్లలు ఒక్కొక్కరే గదిలోకి వచ్చి, బిళ్ళలు తీసి గుంతల్లో అమర్చాలి. తన ముఖం చూస్తే పిల్లలు బెదురుతారనీ, ఒకరిని చూసి చిరునవ్వినా లెక్క చెడిపోతుందనీ, ప్రొఫెసరుగారు చేతిలో గడియారం పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేవారు. మూడు నిమిషాలు కాగానే ఇటు తిరిగి, పలకలో ఎన్ని బిళ్ళలున్నాయో రాసుకునేవారు. నేను తలుపు దగ్గర నిలబడాలి. మాట్లాడకూడదు, నవ్వకూడదు. రెండో షరతు వల్ల నా ఆరోగ్యం పాడయింది.

బాగేపల్లిలోనే చూశాను. మగపిల్లలు బిళ్ళలు అమర్చి, పని అయిపోగానే అంతా అట్లాగే వదిలేసి పరుగెత్తేవారు. ఆడపిల్లలు చాలామంది వాళ్ళకంటే ముందే అమర్చి, ఒక క్షణం చూసుకుని, మళ్ళీ అన్నీ తీసి పెట్టెలో పేర్చి, మూత వేసి, చేతులు కట్టుకుని కూర్చునేవారు. ప్రొఫెసరుగారు తిరిగి చూసేసరికి పలక ఖాళీ. సున్నా. మన ఇళ్ళలో ఆడపిల్లకు నడక వచ్చిననాటి నుంచీ నేర్పేది ఒకటే కదా, ఎత్తిన వస్తువు ఎత్తినచోట పెట్టమని. మగపిల్లవాడికి అది చెప్పినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. ఇదంతా చూస్తూ నేనేం చేశాను? కాఫీ హోటల్లో స్నేహితులకు అభినయించి చూపించాను. చింతామణిలో చూపించాను, బట్లహళ్ళిలో చూపించాను. మెట్టపల్లెల ఆడపిల్లలకు ఆకారజ్ఞానం తక్కువ అని ప్రొఫెసరుగారు నియమం రాసి మైసూరుకు పంపిన రోజు కూడా, ఇది ఇంకా ఎంత దూరం పోతుందో చూద్దామని ఊరుకున్నాను. అంత మంచి తమాషాను చెప్పి పాడుచేయబుద్ధి కాలేదు.

ఆ తరువాత మిట్టేమరి వెళ్ళాం. మా అక్కను ఇచ్చిన ఊరు అది. మా అక్క కూతురికి అప్పుడు పన్నెండేళ్ళు. ఊరి బడి చదువు అయిపోయింది, చింతామణిలో మా పిన్ని ఇంట్లో ఉండి పై తరగతులు చదవాలని దాని ఆశ. మా అక్క మామగారు ఎటూ తేల్చకుండా, మైసూరు నుంచి వచ్చే ఆయన బుద్ధి ఉందంటే పంపుదాం, లేదంటే సంబంధం చూద్దాం అని కూర్చున్నారు. పిల్ల లోపలికి వచ్చింది. నేను చూస్తూండగానే చకచకా అన్నీ అమర్చింది, చూసుకుంది, అన్నీ తీసి పెట్టెలో పేర్చింది, పావడ అంచుతో మూత తుడిచి మరీ పెట్టింది. ఎందుకట్లా చేశావే అని కళ్ళతోనే అడిగితే, గట్టిగానే చెప్పింది.

"మందిది గదా మామా, మనది గాదు, ఎత్తినకాడ పెట్టకుంటే అవ్వ తిడ్తాది."

పల్లె తెలుగు తెలియని ప్రొఫెసరుగారు ఇటు తిరిగి, సున్నా వేశారు. నాకు మొదటిసారి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఆయనకు అంతా చెప్పాను. బట్లహళ్ళి మేకలు కూడా బిళ్ళలు అమర్చగలవని వారం కిందట చెప్పింది నేనే కనుక, ఆయన ఇదీ అట్లాంటిదే అనుకున్నారు. ప్రమాణం చేశాను. చివరికి సగం నమ్మి, నిజమే అయినా ఒక్క పిల్లకు రెండోసారి అవకాశం ఇస్తే వందలమందికీ ఇవ్వవలసి వస్తుందనీ, ఒక్కరి పొరపాటు సగటులో కలిసిపోతుందనీ ఓపికగా వివరించారు. కలిసిపోయేది పొరపాటు కాదు సార్, పిల్ల అన్నాను. అప్పుడూ ఆయన, నేను చమత్కరించాననే అనుకున్నారు.

పొద్దున్నే మా అక్క మామగారు వచ్చి అరుగుమీద కూర్చున్నారు.

"మా పాపకు బుద్ధి ఉండాదా, లేదా? ఆ ఒక్క మాట చెప్పమను అప్పా, మీ సార్ను."

ప్రొఫెసరుగారు నిజాయితీపరులు. ఒక్క పిల్ల గురించి శాస్త్రం ఏమీ చెప్పలేదనీ, మొత్తం మీదనైతే చెప్పగలననీ అన్నారు.

"ఊరి లెక్క నాకేలప్పా? ఊరిని సదివిస్తానా నేను?"

ఇంక లాభం లేదని, పలకా పెట్టే తెచ్చి వాళ్ళిద్దరి నడుమ పెట్టి పిల్లను పిలిచాను. ప్రొఫెసరుగారిని గోడవైపు తిరగవద్దని చేతులెత్తి దండం పెట్టాను. పిల్ల కూర్చుంది. గడియారం ముల్లు సగం దూరం పోకముందే అన్నీ అమర్చింది. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. అది మళ్ళీ ఒక్కొక్కటే తీసి, పెట్టెలో పేర్చి, మూత వేసింది. గెలిచాం అనుకున్నాను. మా అక్క మామగారి ముఖం వెలిగిపోయింది.

"సూసినారా? చేసె, మళ్ళా యాడిదాడ సర్దిపెట్టె. ఇంత ఒద్దిక ఉండే పిల్లకు ఇంక సదువేల? ఏ ఇంటికి పోయినా నెగ్గుకొస్తాది."

నేను ఏమేమో అన్నాను. అన్నదానికల్లా ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. నేను నోరు తెరిస్తే నవ్వడం ఆ ఇంట్లో అలవాటు. ప్రొఫెసరుగారు ఏదో చెప్పబోతే, మీరు ఒక్క పిల్ల సంగతి చెప్పలేమన్నారు గదా సామీ అని ఆయన మర్యాదగా అడ్డుకున్నారు. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, గడియారం జేబులో వేసుకున్నారు. పిల్ల పెట్టెమీద చెయ్యి తియ్యకుండా ఒకరి తరువాత ఒకరి ముఖం చూసింది. చివరికి నా ముఖం చూసింది.

మూడేళ్ళు తిరక్కుండా దాన్ని ఇచ్చేశారు. ప్రొఫెసరుగారు ఆ నియమాన్ని కొట్టేశారో, అచ్చువేశారో నేను విచారించలేదు. ఆ నెలాఖరుకే పని మానేశాను. తనకంటూ ఒక తెలివి ఉన్నట్టు మా మేనకోడలు ఎన్నడూ మాట్లాడలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదని ఈ వయసులో అనిపిస్తూంటుంది.

ఈమధ్య మిట్టేమరికి వెళితే, పొద్దున చింతామణి బస్సు రెండు జడల పిల్లలతో కిక్కిరిసి ఉంది. ఒకరి సంచి ఒకరి ఒడిలో, నోట్లో రిబ్బనుతో జడ వేసుకునేది ఒకతె, లెక్క తప్పుచేసి నాలుక కరుచుకునేది ఇంకొకతె. కండక్టరు వాళ్ళ మధ్య దూరుకుంటూ పోయి టికెట్టు అడిగాడు. ఎవరికి బుద్ధి ఉంది, ఎవరికి లేదు అని ఒక్కరినైనా అడగలేదు. ఇంత చిన్న మర్యాద నేర్చుకోవడానికి మాకు అన్నేళ్ళు పట్టింది.